బాణపు గుర్తుపై చిన్న అక్షరములు

రసాయనశాస్త్ర గ్రంథములలో ఒక చర్యను వ్రాయునప్పుడు, కలియు పదార్థములను ఎడమవైపునను, పుట్టిన పదార్థములను కుడివైపునను పెద్ద అక్షరములతో వ్రాసి, నడుమ నొక బాణపు గుర్తు నుంచి, ఆ చర్య యే ద్రవములో జరిగినదో దాని పేరును మాత్రము బాణముపై చీమతలకాయంత అక్షరములతో వ్రాయుట పరిపాటి. విద్యార్థి పరీక్షలో ఆ పేరు విడిచినను చాలమంది గురువులు మార్కులు తగ్గింపరు. పదార్థములు కరగుట కొక చోటు కావలెను గనుక ద్రావణి యొకటి యుండును, పెండ్లికి పందిరి యున్నట్లు. పెండ్లి జరుగునది వధూవరులకే గాని పందిరికి గాదు గదా యని మన యూహ. ఈ యూహ యెంతవఱకు నిలుచునో, ఎక్కడ కూలిపోవునో తెలిసికొనుటకు కర్బన రసాయనమునందలి చక్రీయ సంకలన చర్యలంత చక్కని నిదర్శనము వేఱొకటి లేదని నా యభిప్రాయము. ఏలన, ద్రావణితో తమకు నిమిత్తమే లేనట్లు దశాబ్దములపాటు కనబడిన చర్యలవి. ద్రావణి శక్తి యెంతటిదో కడకు మనకు నేర్పినవియు నవే.

ద్రావణి ప్రభావము అను మాట రసాయనజ్ఞులు ఎఱుగనిది కాదు. రష్యాదేశమున సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున నికొలాయ్ మెన్షుట్కిన్ అను ఆచార్యుడు 1890లో ట్రైఇథైల్ ఎమీను, ఇథైల్ అయొడైడు అను రెండు పదార్థములను 23 వేర్వేరు ద్రవములలో కలిపి వేగములను కొలిచి చూడగా, హెక్సేన్‌లో నత్తనడక నడచిన చర్యయే బెంజైల్ ఆల్కహాలులో కొన్ని వందల రెట్లు వేగముగా జరిగెను. చర్యను అది జరుగు ద్రవమునుండి విడదీసి విచారించుట తగదని ఆయన ఆనాడే చెప్పెను. ఇందలి కారణము కష్టమైనది కాదు: ఆవేశము లేని రెండణువులు కలిసి ధనావేశము, ఋణావేశము గల లవణముగా మాఱుచున్నవి, అట్లు పుట్టుచున్న ఆవేశములను చుట్టుముట్టి ఊరడింపగల ధ్రువ ద్రావణిలో ఆ మాఱుట సులభమగును, హెక్సేన్ వంటి అధ్రువ ద్రావణిలో దుష్కరమగును.

ద్రావణులకుగల ఈ ధ్రువశక్తిని కంటితోనే చూడవలెనన్నచో, జర్మనీలో మార్బుర్గు విశ్వవిద్యాలయమునందు డిమ్‌రోత్, రైఖార్ట్ అనువారు 1963లో ప్రకటించిన రంజకద్రవ్యమును చూడవలెను. ఒకే రంగుపొడిని అయిదు గాజునాళములలోని అయిదు ద్రవములలో చిటికెడు చొప్పున వేసినచో, మిథనాలులో ఎఱుపు, ఇథనాలులో ఊదా, ఐసోఅమైల్ ఆల్కహాలులో నీలము, ఎసిటోనులో ఆకుపచ్చ, ఎనిసోలులో పసుపు కలిసిన పచ్చ కనబడును. పొడి యొక్కటే, మాఱినది ద్రవము మాత్రమే. ఒక అణువులోని ఎలక్ట్రానులు తమ చుట్టునున్న ద్రవముచేత ఎంతగా కదలింపబడునో ఇంతకంటె విశదముగా చెప్పు ప్రయోగము నాకు తెలియదు.

ఇక ప్రస్తుతాంశమునకు వత్తము. 1928లో కీల్ విశ్వవిద్యాలయమున ఆటో డీల్స్, ఆయన శిష్యుడు కుర్ట్ ఆల్డర్ అనువారలు ప్రకటించి, 1950లో నోబెల్ బహుమానము నందుకొనుటకు హేతువైన చర్య, చక్రీయ సంకలన చర్యలలో అగ్రగణ్యము. నాలుగు కర్బనములు వరుసగా నిలిచి, వానిలో రెండు ద్విబంధములుగల అణువును డైయీన్ అందురు. ఒక ద్విబంధముగల రెండవ అణువును, డైయీన్‌ను కోరునది యను నర్థమున, డైయీనోఫైల్ అందురు. ఈ రెండును ముఖాముఖిగా నిలిచినప్పుడు వాని కొసలు రెండు తావులలో ఒక్కమాటుగా ముడివడి, ఆఱు కర్బనముల వలయ మేర్పడును. విడిపోవునదేమియు లేదు; రాలిపడునదేమియు లేదు. ఔషధములలోను, సుగంధద్రవ్యములలోను, ప్రకృతిసిద్ధమైన అనేక పదార్థములలోను కనబడు ఆఱుమూలల వలయమును ఒక్క అడుగులో నిర్మించుట కింతకు మించిన ఉపాయము లేదు.

ఈ చర్యలో ఎలక్ట్రానులు ఒకచోటినుండి మఱియొకచోటికి పోగుపడక, కోలాటమాడువారివలె వలయాకారమున చుట్టివచ్చును. కావున నడుమ ఏర్పడు పరివర్తన స్థితియందు చెప్పుకొనదగిన ఆవేశ మేదియు పుట్టదు. ఆవేశము పుట్టనప్పుడు దానిని ఊరడించు ద్రావణితో పనియేమి? ప్రయోగములును ఈ తర్కమునే బలపఱచెను. ఐసోప్రీన్, మలేయిక్ ఎన్‌హైడ్రైడ్ కలియు వేగము, ప్రయత్నించిన ద్రావణులన్నిటిలోను పది పదిహేను రెట్లకు మించి మాఱలేదు. సైక్లోపెంటాడైయీన్ అను పదార్థము తనతో తాను కలియు వేగమైతే ద్రవములోను, ఏ ద్రవమును లేని వాయుస్థితిలోను ఇంచుమించు ఒకటియే. దీనికి పూర్తిగా విరుద్ధముగా, టెట్రాసయనోఇథిలీన్ అను పదార్థము వినైల్ ఈథరులతో కలిసి నాలుగు మూలల వలయ మేర్పఱచు చర్యయందు ఒక బంధము ముందు, ఒక బంధము వెనుక ఏర్పడి, నడుమ ఆవేశములు విడివడి నిలుచును గనుక, సైక్లోహెక్సేన్ నుండి ఎసిటోనైట్రైల్‌కు మాఱినంతనే వేగము వేలరెట్లు పెరుగును. ద్రావణిని మార్చి వేగమును కొలుచుట, చర్య యే మార్గమున జరుగుచున్నదో తెలిసికొనుటకొక సాధనమయ్యెను. వేగము మాఱినచో ఆవేశమున్నది, మాఱకున్నచో లేదు. డీల్స్–ఆల్డర్ చర్యలో మాఱలేదు గనుక ఆ అధ్యాయము ముగిసినదని అందఱును తలచిరి.

పైని చెప్పిన సైక్లోపెంటాడైయీన్ ఈ కథయందు మాటిమాటికి వచ్చును గనుక దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పుట యుచితము. అంగడిలో దొరకునది దాని రెండణువులు కలిసిన ద్వికము. దానిని సుమారు 170 డిగ్రీల సెల్సియస్‌కు కాచినచో రెండుగా చీలి, 41 డిగ్రీల వద్ద మరగు పలుచని వర్ణరహిత ద్రవమై, ఘాటైన వాసనతో ఎదుటి గాజుబుడ్డిలోనికి బొట్టుబొట్టుగా దిగును. ఆ బుడ్డిని మంచులో నుంచి, ఆ పూటయే వాడుకొనవలెను; బల్లపై విడిచినచో గంటలు గడచుకొలది తనలో తానే డీల్స్–ఆల్డర్ చర్య నొంది తిరిగి ద్వికమైపోవును. చర్యకు ఇంతటి ఆతురత గల పదార్థమగుటచేతనే పరిశోధకులు దీనిని ఎన్నుకొనిరి.

ఆ రోజులలో ఎవరును ఎన్నుకొనని ద్రవము నీరు. కర్బన రసాయనజ్ఞుడు గాజుపాత్రలను పొయ్యిలో ఎండబెట్టి, ద్రావణులలోని తేమను సోడియముతో తొలగించి, నీటి ఆవిరిని సైతము శత్రువుగా నెంచి పనిచేయుట కలవాటుపడినవాడు. అయినను డీల్స్, ఆల్డర్ తామే 1931లో ఫ్యూరాన్, మలేయిక్ ఆమ్లములను నీటిలో కలిపి చర్య జరిపియుండిరి! అది గ్రంథములలో నిలిచియే యుండెను. కాని నీటిలో జరిగిన ఆ చర్యావేగమును తక్కిన ద్రావణులలోని వేగముతో పోల్చి కొలువవలెనని సుమారు అర్ధశతాబ్దము వఱకు ఎవరికిని తోచలేదు. జవాబు ముందే తెలిసినదని నమ్మినచోట ప్రశ్న పుట్టదు.

1980లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున రోనల్డ్ బ్రెస్లో, డారిల్ రైడౌట్ ఆ కొలతను కొలిచిరి. సైక్లోపెంటాడైయీన్‌ను మిథైల్ వినైల్ కీటోనుతో 20 డిగ్రీల వద్ద ఐసోఆక్టేన్ అను నూనెవంటి ద్రావణిలో కలుపగా వచ్చిన వేగమును ఒకటి యనుకొన్నచో, మిథనాలులో అది సుమారు 13. నీటిలో సుమారు 740. ద్రావణితో నిమిత్తము లేదన్న చర్య నీటిలో పరుగు లెత్తెను. ఇది నీటి ధ్రువశక్తివలననే యని ఎవరైన తొందరపడి చెప్పినచో, వారికి సమాధానముగా ఆ పరిశోధకులే మఱియొక చర్యను చూపిరి. ఆంథ్రసీన్ మిథనాలు, ఇథైల్ మలేయిమైడ్ అను జంట, ఐసోఆక్టేన్‌లోకంటె ధ్రువ ద్రావణియైన ఎసిటోనైట్రైల్‌లో ఏడు రెట్లు మందముగా కలియును. మిథనాలులోను ఐసోఆక్టేన్‌లోకంటె మందమే. ఈ ధ్రువ ద్రావణులలో వేగము తగ్గియుండి, అన్నిటికంటె ధ్రువమైన నీటిలో మాత్రము ఒక్కసారి ఎసిటోనైట్రైల్‌లోని వేగమునకు 200 రెట్లకు పైగా లేచినది. కావున ఇది ధ్రువశక్తి మహిమ కాదు. నీటికే ప్రత్యేకమైన గుణమొకటి యిక్కడ పనిచేయుచున్నది.

ఆ గుణ మేదియో మన వంటయింటిలో నిత్యము కనబడునదే. పులుసుపై తాలింపు పోసినప్పుడు నూనె చిన్న చిన్న చుక్కలై తేలి, గరిటె తగిలినంతనే ఒకదానితో నొకటి కలిసి పెద్ద చుక్కయగును. నూనెచుక్కల నడుమ విశేషమైన ఆకర్షణయుండి అవి కలియుట లేదు; నీటి అణువులు తమలో తాము హైడ్రోజన్ బంధములతో చేయిచేయి పట్టుకొని యుండుటచేత, నడుమకు వచ్చిన పరాయి అణువునకు చోటిచ్చుట వానికి కష్టమై, ఆ పరాయి ఉపరితలము ఎంత తగ్గిన అంత మేలని నెట్టుచున్నవి. ద్రవమును విడదీయుటకు కావలసిన శక్తిని ఘనపరిమాణమునుబట్టి లెక్కించినచో నీటి విలువ హెక్సేన్ విలువకు సుమారు పదిరెట్లు. డైయీన్, డైయీనోఫైల్ వేర్వేరుగా నున్నప్పటికంటె, రెండును ఒకదానిపై నొకటి ఒదిగిన పరివర్తన స్థితియందు నీటికి తగులు నూనెతలము తక్కువ. ఆ ఒదుగుటకే నీరు సాయపడును. దీనిని జలవిరోధ ప్రభావ మందురు.

ఊహ చక్కగానే యున్నది; నిరూపణ మెట్లు? ఇక్కడ బ్రెస్లో చేసిన పని నాకు మిక్కిలి ప్రీతికరము. సబ్బు వండువారు కాగిన సబ్బునీటిలో ఉప్పు వేసి సబ్బును పైకి తేల్చుదురు; ఉప్పు కరగిన నీటికి నూనెజాతి పదార్థములపై విరోధము హెచ్చును. అన్ని లవణములును ఇట్టివి కావు. గ్వానిడీనియం క్లోరైడు వంటివి కొన్ని నూనెజాతి పదార్థములు నీటిలో ఎక్కువగా కరగుటకు తోడ్పడును. చర్యావేగము జలవిరోధమువలననే పెరిగినదైనచో మొదటి జాతి లవణము వేగమును పెంచవలెను, రెండవ జాతిది పెంచరాదు. నీటిలో లిథియం క్లోరైడును దండిగా కరగింపగా పై చెప్పిన సైక్లోపెంటాడైయీన్ చర్య మఱి రెండున్నర రెట్లు పెరిగెను. గ్వానిడీనియం క్లోరైడు వేయగా కొంచెము తగ్గినదే గాని పెరుగలేదు. పిమ్మట వారు సైక్లోడెక్స్‌ట్రిన్ అను, నడుమ గుంటగల చక్కెరజాతి అణువులను తెచ్చిరి. వానిలో గుంట వెడల్పైన బీటా రకము రెండణువులను ఒక్కచోట ఇముడ్చుకొనగలదు. ఇఱుకైన ఆల్ఫా రకములో రెంటికి చోటు చాలదు. బీటా రకము చర్యను వేగిరపఱచెను. ఆల్ఫా రకము మందగింపజేసెను. రెండు లవణములు, రెండు గిన్నెలు. ఇంత స్వల్ప సామగ్రితో ఇంత నిర్ద్వంద్వమైన సాక్ష్యమును రాబట్టుట గొప్ప విద్వాంసుని లక్షణము. లవణముల యీ ప్రభావమును పిమ్మట మన దేశమున పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలయందు అనిల్ కుమార్ విపులముగా పరిశోధించి, 2001లో సమగ్రమైన సమీక్ష వ్రాసెను.

అయినను వ్యవహార మంతటితో ముగియలేదు. నెదర్లాండ్సులోని గ్రోనింగెన్ నగరమున యాన్ ఎంగ్‌బెర్ట్స్, ఆయన సహచరులు చేసిన సూక్ష్మమైన కొలతలవలన తేలినదేమనగా, ఆ పలుచని ద్రావణములలో అణువులు ముందుగానే గుంపుగూడి యుండుట లేదు. కలియు క్షణమున మాత్రమే నీరు వానిని ఒండొంటికి ఒత్తుచున్నది. 1991లో బ్లేక్, జోర్గెన్‌సెన్ కంప్యూటరుతో లెక్కించి మఱియొక సత్యమును చూపిరి. మిథైల్ వినైల్ కీటోనులోని ఆక్సిజను, పరివర్తన స్థితికి చేరునప్పుడు మునుపటికంటె కొంచె మధికముగా ఋణావేశమును ధరించును. అప్పుడు దానికి, నీటి హైడ్రోజనులకు నడుమనున్న బంధము బిగియును. ఆ బిగువు చర్యకు మెట్టును తగ్గించును. అనగా, ఆవేశమే పుట్టదని మొదట చెప్పినమాట స్థూలదృష్టికి సత్యమేగాని సూక్ష్మమున కొంత పుట్టుచునే యున్నది. జలవిరోధమా, హైడ్రోజన్ బంధమా యని పండితులు వాదించిరి. రెండును గలవనియు, కార్బొనైలు, అనగా కర్బనము ఆక్సిజనుతో ద్విబంధమున కూడిన భాగము, గల డైయీనోఫైల్‌లో రెండవదాని పాలు హెచ్చనియు నాకు తోచుచున్నది. మిథనాలులో 13 రెట్లు పెరుగుటకు హైడ్రోజన్ బంధమే చాలును; ఆంథ్రసీన్ చర్యలో నీరొక్కటే చూపిన విశేషమును జలవిరోధము లేక వివరింపలేము.

వేగమును గూర్చి యింత చెప్పి వరణాత్మకతను, అనగా చర్య చేయు ఎంపికను, విడిచినచో సగము కథయే చెప్పినట్లగును. సైక్లోపెంటాడైయీన్‌పై మిథైల్ వినైల్ కీటోను వచ్చి కూర్చుండునప్పుడు, దాని కార్బొనైలు తోక డైయీన్ అడుగునకు ముడుచుకొని యుండవచ్చును, లేదా వెలుపలికి చాచుకొని యుండవచ్చును. మొదటి విధమున పుట్టినదానిని ఎండో అనియు, రెండవదానిని ఎక్సో అనియు నందురు. పరమాణువులవే, బంధములవే, అమరిక వేఱు. ఔషధమున కొక్క అమరికయే పనికివచ్చును, రెండవది వ్యర్థమగును గనుక ఈ పాళ్లు కర్మాగారమున ధనముతో సమానము. ఎండో రూపమే సాధారణముగా నధికమగునని 1937నాటికే ఆల్డర్, స్టైన్ గుర్తించిరి. 1962లో బెర్సన్, ఆయన సహచరులు సైక్లోపెంటాడైయీన్, మిథైల్ ఎక్రిలేట్ చర్యయందు ఒక పాలు ఎక్సోకు ట్రైఇథైల్ ఎమీనులో సుమారు మూడు, మిథనాలులో ఏడు పాళ్లు ఎండో వచ్చుట చూచి, ఈ నిష్పత్తినే ద్రావణుల ధ్రువశక్తికి కొలబద్దగా చేసిరి. బ్రెస్లో చేసిన చర్యలోనైతే సైక్లోపెంటాడైయీన్‌నే ద్రావణిగా వాడినప్పుడు సుమారు నాలుగుగా నున్న నిష్పత్తి, ఇథనాలులో ఎనిమిది దాటి, నీటిలో ఇరువదిని మించెను. తోక ముడుచుకొన్న ఎండో అమరిక బిగువైనది గనుక నీటికి తక్కువ తగులును. దాని ధ్రువత్వమును అధికము. వేగమును పెంచిన ద్రవమే ఎంపికను గూడ పదునుపెట్టుట విశేషము. కాచి వేగమును పెంచినచో సాధారణముగా ఎంపిక మొద్దువాఱును.

నీటితో సంబంధము లేని వింత యొకటి యున్నది. చర్మముపై బొబ్బలెక్కించు పురుగులనుండి లభించు కాంథరిడిన్ అను విషపదార్థమును ఫ్యూరాన్‌తో డీల్స్–ఆల్డర్ చర్యవలన నిర్మింపవలెనని చేసిన తొలినాళ్ల యత్నములు విఫలమాయెను. 1980లో బర్క్‌లీలో డాబెన్, ఆయన సహచరులు సుమారు 15,000 వాతావరణముల ఒత్తిడిని ప్రయోగించి, డైయీనోఫైల్‌ను కొంచెము మార్చి సాధించిరి. 1990లో ఇండియానా విశ్వవిద్యాలయమున పాల్ గ్రీకో, ఆయన సహచరులు ఈథరులో లిథియం పెర్‌క్లోరేటును లీటరునకు 5 మోలుల చొప్పున కరగించి, ఆ ద్రావణిలో అదే మార్పుతో కూడిన చర్యను గది ఉష్ణోగ్రతవద్ద, మామూలు ఒత్తిడివద్దనే కొన్ని గంటలలో ముగించిరి. లిథియం అయాను కార్బొనైలును పట్టుకొని ఉత్ప్రేరకమువలె పనిచేయుటయే ప్రధానకారణమని తరువాతి పరిశోధనలవలన తేలినది. పెర్‌క్లోరేటులు ప్రేలుడు స్వభావము గలవి గనుక, ఈ యుపాయమును పెద్ద పీపాలలో చేయుటకు వివేకులు సాహసింపరు.

2005లో వెలువడిన స్క్రిప్స్ పరిశోధనాసంస్థవారి ఫలితము మఱింత ఆశ్చర్యకరము. బ్యారీ షార్ప్‌లెస్, ఆయన సహచరులు క్వాడ్రిసైక్లేన్, డైమిథైల్ అజోడైకార్బాక్సిలేట్ అను రెండు ద్రవములను టోలీన్‌లో కలుపగా చర్య ముగియుటకు 120 గంటలకు పైగా పట్టినది. ద్రావణి లేకయే కలుపగా 48 గంటలు. మిథనాలులో 18 గంటలు. నీటితో కలిపి గట్టిగా కలియత్రిప్పగా 10 నిమిషములు! ఇవి నీటిలో కరగు పదార్థములు కావు. కదలింపనిచో తైలమువలె వేఱై నిలుచును. కదలించినప్పుడు పాలవలె తెల్లని మిశ్రమమై, ఆ నూనెచుక్కల అంచున, నీటి ఒడ్డున చర్య జరుగును. అందుచేతనే వారు నీటిలో ననక నీటిపై నని పేరుపెట్టిరి. 2007లో యుంగ్, మార్కస్ ఇచ్చిన వివరణము ప్రకారము, నీటి అంచునగల అణువులలో సుమారు నాలుగింట ఒక హైడ్రాక్సిల్ తనకు జోడు దొరకక నూనెవైపు చేయి చాచియుండును. పరివర్తన స్థితి ఆ చేతిని అందుకొనును. సామాన్యజలమునకు బదులు భారజలమును వాడినప్పుడు 10 నిమిషములకు బదులు 45 నిమిషములు పట్టుట, ఈ చర్యలో హైడ్రోజనుకు పాత్ర గలదను ఊహకు అనుకూలముగా నున్నది.

నీటికిని చక్రీయ సంకలనమునకును కుదిరిన యీ మైత్రివలననే, అజైడు, ఆల్కైనుల సంకలన చర్యను నీటితో నిండిన జీవకణములలో సైతము జరిపి, కణముల చక్కెరలకు గుర్తులు తగిలించుట సాధ్యమైనది. 2022 నోబెల్ బహుమానము ఇట్టి చర్యలను పెంపొందించిన కృషికి బెర్టొజ్జీ, మెల్డాల్, షార్ప్‌లెస్‌లకు లభించెను.

ఈ శాస్త్రము మన వాకిటి విషయము గూడ. హైదరాబాదు పరిసరములలోను, విశాఖపట్టణ తీరమునను నడచుచున్న ఔషధ కర్మాగారములలో ఒక కిలో మందుపొడి తయారగుటకు దానికి ఎన్నో రెట్లు బరువుగల ద్రావణి ఖర్చగును. వ్యర్థములలో అధికభాగమును అదియే. టోలీన్ పీపా స్థానమున నీటిగొట్టమును నిలుపవచ్చునన్న ఆశ అందుచేత అల్పమైనది కాదు. కాని ఒక హెచ్చరిక చేయక తప్పదు. చర్యను నీటిలో జరిపి, పుట్టిన పదార్థమును నీటినుండి వెలికితీయుటకు ఇథైల్ ఎసిటేటును మూడు నాలుగు విడతలు పోసి కడిగినచో, తగ్గించితిమనుకొన్న ద్రావణి వెనుక ద్వారమున తిరిగి ప్రవేశించినది. మిగిలిన నీటిలో కరగియున్న స్వల్పమాత్రపు విషములను తొలగించుట, టోలీన్‌ను మరగించి తిరిగి పట్టుకొనుటకంటె కష్టము. పదార్థము తనంతట గట్టిపడి, వడపోసినంతమాత్రమున విడివడు చర్యలలోనే నీటి లాభము నిజమైన లాభము. కావున యువపరిశోధకులకు నా మనవి యొక్కటియే: బాణపు గుర్తుపై నీరని వ్రాయునప్పుడు, చర్య ముగిసిన పిమ్మట పదార్థమును వేఱుచేయుటకు ఏ ద్రవమును ఎన్ని లీటర్లు వాడితిరో అదియు పక్కనే, అదే పరిమాణపు అక్షరములతో వ్రాయుడు.